హెల్మెట్‌లో అత్త గొంతు

హిందూపురం నుంచి ధర్మవరానికి రైలుంది, బస్సులున్నాయి. తెలివైనవాళ్ళు వాటిలో వెళతారు. మేము మోటర్ సైకిల్ మీద వెళ్ళడానికి కారణం మా అత్తకూ, ఆమె భజన మండలి పెద్ద సరోజమ్మకూ వచ్చిన గొడవ. ధర్మవరంలో ఒక కల్యాణ మండపంలో శ్రావణమాసం పేరున ఆడవాళ్ళకు భక్తిపాటల పోటీ పెట్టారు. మండలివాళ్ళంతా కలిసి వ్యాన్ మాట్లాడుకున్నారు. ముందు సీటు ఎవరిదన్న దగ్గర మాటామాటా పెరిగి, "నీ వ్యాన్‌లో నా చెప్పు గూడా ఎక్కదు" అని అత్త ఇంటికొచ్చేసింది. ఇద్దరూ అదే దేవుడి మీద అవే పీటల మీద కూర్చుని పాతికేళ్ళుగా పాడుతున్నారు.

"సుజాతా, ఆదివారం నన్ను ధర్మవరం తోలకపో" అంది. అడగలేదు, చెప్పింది.

బండి మా ఆయనది. ఆయన లారీ నడుపుతాడు కాబట్టి నెలలో ఎక్కువ రోజులు వేరే రాష్ట్రాల్లో ఉంటాడు. నేను ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసుకురావడం నా పని. అలా బండి నా చేతికొచ్చింది. గేర్ల బండి మీద ఆడది వెళుతుంటే మా వీధివాళ్ళు మొదట్లో నిలబడి చూసేవాళ్ళు. ఇప్పుడు సూది భయంతో పక్కకు తప్పుకుంటారు.

ఆదివారం పొద్దున ఏడుకల్లా బయలుదేరాం. నా హెల్మెట్‌లో చెవుల దగ్గర చిన్న స్పీకర్లున్నాయి. ఊళ్ళమ్మట తిరిగేటప్పుడు నెమ్మదిగా పాటలు పెట్టుకుంటాను, మంచి దుమ్ములేపే సినిమా పాటలు. ఆ రోజు నాకు ఆ భాగ్యం లేకపోయింది. అత్త తన పోటీ పాటను తానే ఫోన్‌లో రికార్డు చేసుకుంది. తన దగ్గరున్న ఆ ఫోన్‌ను బ్లూటూత్‌తో నా హెల్మెట్‌కు కలపమంది.

"నువ్వు ఇనుకుంటా రా. తప్పులుంటే చెప్పు."

"దోవంతానా అత్తా?"

"మల్లీమల్లీ వచ్చేట్టు పెట్టు. ఒక్కసారి ఇంటే తప్పులు దొరకవు."

అలా అత్త వెనక హాయిగా ఊళ్ళు చూసుకుంటూ కూర్చుంది. నా రెండు చెవుల్లోనూ అత్త పాడుతూ ఉంది. కొండెక్కి స్వామిని చూడటానికి తోటివాళ్ళను పిలిచే పాట. పల్లవి చివర "పోదాము పదవమ్మా" అని సాగదీస్తుంది. పై స్థాయిలో గొంతు కాస్త వణుకుతుంది. మనిషి చూస్తే చిన్నది, కట్టెపుల్లలా ఉంటుంది, అందులోంచి అంత శబ్దం ఎలా వస్తుందో నాకు పెళ్ళయిన నాటి నుంచీ అర్థం కాలేదు. మా ఆయన పెద్ద హెల్మెట్ ఆమె తలమీద కుండ బోర్లించినట్టుంది. ముఖాన దుమ్ము పడకూడదని అద్దం పూర్తిగా దించి, గడ్డం కింద పట్టీ తానే బిగించుకుంది.

సోమందేపల్లి దగ్గర హైవే ఎక్కేచోట ఒక కానిస్టేబుల్ చెయ్యెత్తాడు.

"ఏమమ్మా, చెవుల్లో పాటలా?"

"దేవుని పాటలు సార్."

"దేవునివైనా ఎనక లారీ హారన్ కొడితే ఇనబడద్దా?"

నేను హెల్మెట్ తీసి ఆయన చెవి దగ్గర పెట్టాను. కొద్దిసేపు విన్నాడు. అత్త వైపు, నా వైపు చూశాడు. "ఈమేనా పాడేది? సౌండు తగ్గించుకోని పోమ్మా" అన్నాడు. నా మీద జాలిపడ్డ మొదటి మనిషి ఆయనే. సౌండు ఒక గీత తగ్గించాను.

ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ గోడ ఎంతసేపటికీ అయిపోదు. షిఫ్టు మారే వేళ, బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. అది దాటితే పెనుకొండ కొండ, దాని మీద కోటగోడలు. చరిత్ర కావలసినవాళ్ళు ఇక్కడ ఒక పూట ఆగాలి. మేము పెట్రోలు కోసం ఆగాం.

బంకులో అత్త దిగింది. వెనక తాడేసి కట్టిన సంచి సర్దింది. అందులో మార్చుకోవడానికి పట్టుచీర, శ్రుతిపెట్టె ఉన్నాయి, బరువైన సంచే. నేను పెట్రోలు పోయించుకుని, బండి స్టార్టు చేసి, అత్త ఎక్కడం కోసం చూస్తున్నాను. వెనక బండి కాస్త కుంగింది. చెవిలో అత్త గొంతు, "పదవమ్మా" అంది.

పోయాను.

కుంగింది సంచి సర్దుతూ అత్త చెయ్యి ఆనించినందుకని, "పదవమ్మా" అన్నది ఫోన్‌లో ఉన్న అత్త అని నాకు చాలాసేపటి దాకా తెలియలేదు. బంకు దాటి రోడ్డెక్కగానే పాట ఠక్కున ఆగింది. నేను ఒక్క తప్పూ చెప్పలేదని అత్తకు కోపమొచ్చి ఆపేసిందనుకున్నాను. ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. గాలి, ఇంజను, అంతే.

కోపం పోగొడదామని మాట్లాడటం మొదలుపెట్టాను. "అత్తా, నిజం చెబుతా, పల్లవి బాగుంది. పైకి పోయేచోట మాత్రం మేకను తాడేసి లాగినట్టుంది" అన్నాను. జవాబు లేదు. మామూలుగా అయితే ఆ మాటకు నా వీపు మీద ఒకటి పడాలి. పెద్దమనసు చేసుకుందనుకున్నాను. ఇక ధైర్యమొచ్చి, ఆమె రాగిసంగటిలో ఉప్పు గురించీ, నా బట్టలు తన బట్టల తర్వాతే ఉతకాలన్న రూలు గురించీ, ఏళ్ళుగా లోపల దాచుకున్నవన్నీ చెప్పేశాను. ఇంత నెమ్మదిగా వినే మనిషి కదా, ఇన్నాళ్ళూ చెప్పకుండా ఉన్నానే అని బాధ కూడా పడ్డాను. ఆ తర్వాత గొంతెత్తి నా సినిమా పాటలు రెండు పాడాను.

చెన్నేకొత్తపల్లిలో హైవే వదిలి ధర్మవరం రోడ్డుకు తిరిగేచోట టీ అంగడి ముందు ఆపాను. "దిగు అత్తా, టీ తాగుదాం" అన్నాను.

అంగడాయన నన్నే చూస్తున్నాడు. "ఎవురితో మాట్లాడతాండావమ్మా?"

వెనక్కి తిరిగాను. సంచి ఉంది.

ఆ క్షణంలో నాకు నవ్వు రాలేదని రాయాలి. దార్లో ఎక్కడో పడిపోయిందనే అనుకున్నాను. హైవే మీద ఏ మలుపులో, ఏ లారీ ముందు. ఆమె కిందపడితే చప్పుడు కూడా వినకుండా నేను సినిమా పాట పాడుకుంటూ వచ్చాను. సైడు సంచిలోంచి నా ఫోన్ తీశాను. అత్త నుంచి వరసగా కాల్స్ ఉన్నాయి. పడిపోయినవాళ్ళు ఫోన్ చేయరు కదా అని తోచడానికి కూడా కొంచెం సేపు పట్టింది.

ఫోన్ చేశాను. అవతల గాలి హోరు.

"యాడుండావు?" అంది ఒక మగగొంతు. అత్తే. గొంతు బొంగురుపోయి గరగరమంటోంది.

"కొత్తపల్లి టీ అంగడి దగ్గర అత్తా. నీకేం కాలేదు కదా?"

"ఆడే ఉండు. కదిల్నావంటే చూడు."

అంగడాయన నాకు స్టూలు వేసి, నీళ్ళూ టీ ఇచ్చి, టీకి దుడ్లు వద్దన్నాడు. కాసేపటికి ఒక బైకు వచ్చి ఆగింది. నడిపే అతనికి ముప్పయ్యేళ్ళుంటాయి, కార్ల ఫ్యాక్టరీ యూనిఫాం వేసుకున్నాడు. వెనక కుండలాంటి హెల్మెట్‌తో అత్త. ఆమె ఎడమ చెవిలో, హెల్మెట్ కిందుగా, అతని ఇయర్‌ఫోన్ తీగ దూరి ఉంది.

"నైట్ షిఫ్ట్ దిగి ఇంటికి పోతాంటి అక్కా" అన్నాడతను. "బంకు కాడ ఈ అవ్వ హెల్మెట్ పెట్టుకోని రోడ్డుకడ్డం పడి అరుస్తాంది. అద్దం మూసుంది గదా, ఏం చెప్తాందో ఒక్కరికీ తెలీలా. పట్టీ రాక మేమే ఇప్పినాం."

అత్త దిగింది. ఇయర్‌ఫోన్ తీసి అతనికిచ్చి, "ఆ మూడో పాట బాగుంది నాయనా" అంది. తర్వాత నా దగ్గరకొచ్చి, ఏమీ అనకుండా, బండెక్కి కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ధర్మవరం చేరేసరికి పదిన్నర. మండపం బయట పట్టుచీరల అంగళ్ళు, లోపల అంతకంటే ఎక్కువ పట్టుచీరలు. అత్త చీర మార్చుకుని శ్రుతిపెట్టె ముందు కూర్చుని నోరు తెరిచింది. గాలి వచ్చింది, స్వరం రాలేదు. అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది. నేల చూస్తూ కూర్చుంది. మూడు నెలలు పొద్దున్నే లేచి సాధన చేసిన పాట అది. ఆ సాధన విని నిద్రలేచి తిట్టుకున్నదాన్ని నేను.

వేడినీళ్ళ కోసం వంటవాళ్ళ దగ్గరికి పరిగెత్తాను. వచ్చేసరికి సరోజమ్మ అత్త పక్కన కూర్చుని ఉంది, అత్త నోట్లో మిరియాలు వేస్తోంది.

"నములు, మింగద్దు. నా పేరు ముందుండాది, నీది ఎనక పెట్టించినా. ఇంకో గంటుంది, గమ్మునుండు."

"నీ వ్యాన్‌లో వచ్చింటే" అని మొదలుపెట్టింది అత్త, బొంగురుగా.

"మాట్లాడద్దంటి గదా."

సరోజమ్మ పాడింది. బాగా పాడింది, ఏం చేస్తాం. చివరికి అత్తను పిలిచారు. మొదటి లైను సగంలోనే గొంతు విరిగింది. జనంలో ఎవరో నవ్వారు. అత్త ఆగి, మైకు దగ్గరకు లాక్కుంది.

"నా కోడలు నన్ను పెనుకొండ బంకులో ఇడిసిపెట్టి పోయినాది. అరిసేదానికి గొంతంతా అయిపోయినాది. అదో, ఆ పచ్చ చున్నీ."

మండపమంతా తిరిగి నన్ను చూసింది. నేను నమస్కారం పెట్టాను, ఇంకేం చేయాలో తోచక. నవ్వులు ఆగేదాకా చూసి, అత్త శ్రుతి బాగా కిందికి దించుకుని, మాట్లాడుతున్నట్టు మళ్ళీ మొదలుపెట్టింది. అద్భుతంగా పాడిందని రాస్తే మీరు నమ్ముతారేమో. పాడలేదు. చాలాచోట్ల మాటే తప్ప పాట లేదు. కానీ ఎవరూ కదల్లేదు. నిజంగా ఎవరినో కొండకు తోడు రమ్మని బతిమాలుతున్నట్టుంది. పొద్దున్నుంచీ అన్నిసార్లు విన్న ఆ పాటను నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

సరోజమ్మకు రెండో బహుమతి వచ్చింది. అత్తకు ఏమీ రాలేదు. పక్కనే మెస్సులో పప్పు, వంకాయకూర, మజ్జిగతో ముగ్గురం భోంచేశాం. ధర్మవరం వెళ్ళేవాళ్ళు ఆదివారం పన్నెండున్నరకే వెళ్ళండి, తర్వాత కూరలు మిగలవు. సరోజమ్మ వ్యాన్ దగ్గర, "రా, ముందు సీటు నీకే" అంది. అత్త వెళుతుందనే అనుకున్నాను. సంచి అందించడానికి కూడా సిద్ధపడ్డాను.

"ఆ వ్యాన్‌లో దారంతా భజనలు పెడతారు" అని చెప్పి నా బండెక్కింది.

నాలుగింటికి బయలుదేరాం. స్పీకర్లు నేనే ఆపేశాను. పెనుకొండ దాటాం. ఎండ చల్లబడింది, హైవే మీద గాలి తక్కువగా ఉంది. ఎర్రమంచి దాటాక నా భుజం మీద చెయ్యి పడింది.

"ఆ బంకు కాడ అందరూ నవ్వినారు" అంది. "నేనూ నవ్వినా. ఇప్పుడే తిరిగొస్తావులే అనుకున్యా. చానాసేపు రాలా. అప్పుడు నవ్వు రాలేదు."

బండి పక్కకు తీయబోయాను.

"నిలపద్దు, పోనీ. మొగం చూసి చెప్పలేను." గరగరమనే ఆ గొంతు వినడానికి నేను అద్దం ఎత్తి, వేగం తగ్గించాను. "వాడు లారీ ఎక్కి పోతాడు, మల్లా వస్తాడు. అది నాకలవాటైపోయింది. నువ్వు పోతే ఎట్లుంటాదో ఈ పొద్దు చూసినా."

సంగటిలో ఉప్పు గురించి చెప్పినంత తేలిగ్గా ఇలాంటివి చెప్పడం నాకు రాదు. రోడ్డు బాగుంది, సోమందేపల్లి దగ్గర మలుపులో జాగ్రత్త అని మాత్రం ఈ దారిన వచ్చేవాళ్ళకు చెప్పగలను. ఆ మలుపు తిరిగాక అడిగాను.

"అత్తా, ఉండావా?"

"ఉండా."

కిలోమీటరు రాయి ఒకటి దాటాక మళ్ళీ అడిగాను. చీకటి పడకముందే హిందూపురం ఇళ్ళు కనిపించాయి. అప్పటిదాకా అడుగుతూనే ఉన్నాను.

"ఉండానంటి గదమ్మే. ముందర చూసి తోలు."