వంద షేర్లు, ఒక షట్టరు

నా భార్య పంజాగుట్టలో ఒక మందుల షాపులో ఇరవై రెండేళ్లు పనిచేసింది. ఆమె డి.ఫార్మసీ చదివింది. షాపు లైసెన్సు ఆమె సర్టిఫికెట్ మీదే నడిచేది. ఆ సర్టిఫికెట్‌ను ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. దాని కింద యజమాని కూర్చునేవాడు, ఆమె నిలబడేది. ఆమె పోయి పద్నాలుగు నెలలైంది.

షేర్లు కొనేవాళ్లు పత్రికలు చదువుతారు. ఆమె అరలు చూసేది. ఏ మందులు అయిపోయాయో రోజూ సాయంత్రం ఒక చీటీ మీద రాసి పంపడం ఆమె పని. ఒక కంపెనీ బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు మూడు రోజులకోసారి ఆ చీటీకి ఎక్కేవి. ఒక ఆదివారం అన్నం తింటూ చెప్పింది.

"బట్టలు కొనుడు ఆపుతరు, సినిమాలు ఆపుతరు. బీపీ గోలీ ఆపుతరా ఎవలన్న? గా కంపెనీ షేర్లు తీసుకుంట."

"షేర్లంటే జూదం కదా?" అన్నాను.

"నువ్వు పుస్తకాలు చదువుకో సారూ. గిది నాకొదిలెయ్."

ఆమెది నేతపనివాళ్ల ఊరు, నాది గుంటూరు వైపు. నన్ను ఆట పట్టించాలనుకుంటే సారూ అనేది. పండుగ రోజుల్లో రెండు డ్యూటీలు చేసి దాచిన డబ్బుతో వంద షేర్లు కొంది. అవి పెరిగితే మధురానగర్‌లో, ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్లున్న సందు మొదట్లో ఒక షట్టరు అద్దెకు తీసుకుని సొంతంగా మందుల షాపు పెట్టాలని ఆమె కోరిక. "నోటిఫికేషన్ పడంగనే చూడు, తలనొప్పి గోలీలు మస్తు పోతయ్" అనేది.

అప్పట్లో షేర్లు అమ్మాలంటే సంతకం చేసిన స్లిప్పు బ్రోకరుకు ఇవ్వాలి. ఆమెకు పగలు తీరిక దొరకదు. అందుకని అవసరానికి ఉంటాయని నాలుగు ఖాళీ స్లిప్పుల మీద ముందే సంతకం చేసి నాకిచ్చింది. మాసబ్ ట్యాంక్‌లో మా ఆఫీసులో సెలవు చీటీల మీద అందరం అలాగే చేసేవాళ్లం. అందులో తప్పుందని ఇద్దరికీ తోచలేదు.

మూడో ఏడు పేపర్లో ఒక వార్త వచ్చింది. ఆ కంపెనీ ఫ్యాక్టరీలో విదేశీ తనిఖీవాళ్లు లోపాలు కనిపెట్టారు. ధర వరుసగా మూడు రోజులు పడింది. నాలుగో రోజు మధ్యాహ్నం ఆఫీసు నుంచి బయలుదేరి మైత్రీవనం వెనక సందులో ఉన్న బ్రోకరు దగ్గరికి వెళ్లి ఒక స్లిప్పు ఇచ్చాను. పెట్టినదానికి కొంచెం ఎక్కువే చేతికొచ్చింది. వారంలో ధర ఇంకా పడుతుందని, అప్పుడు అదే డబ్బుతో నూట ఇరవై కొని ఆమెకు చెబుదామని అనుకున్నాను.

ధర పడలేదు. నెల తిరిగేసరికి నేను అమ్మిన ధర దాటింది. అంతకంటే ఎక్కువ పెట్టి కొనడానికి మనసొప్పలేదు. మళ్లీ ఆ ధరకు దిగితే కొంటాను, అప్పుడే చెబుతాను అనుకున్నాను. ఆ ధర మళ్లీ రాలేదు. మొదటి వారం చెప్పి ఉంటే అది పొరపాటు. ఏడాది తర్వాత దానికి వేరే పేరు.

ఇంటికొచ్చే కాగితాలు, బ్యాంకు పుస్తకం చూసేది నేనే. ఆమె ఎప్పుడూ అడగలేదు. ధర మాత్రం చూసుకునేది. కంపెనీ ఒక్కో షేరును ఐదుగా విడగొట్టిన ఏడు, ఆ తర్వాత ఒకటికి ఒకటి ఉచితంగా ఇచ్చిన ఏడు, మిఠాయి తెచ్చింది. మా వంద వెయ్యయ్యాయని ఆమె లెక్క. ఆ మిఠాయి నేనూ తిన్నాను.

మధురానగర్‌లో ఆ షట్టరు రెండుసార్లు ఖాళీ అయింది. మొదటిసారి "అమ్ముదమా?" అని అడిగింది. మంచి షేరు తొందరపడి అమ్మకూడదు, ఎన్నాళ్లు ఉంచితే అంత మంచిది అన్నాను. రెండోసారీ అదే చెప్పాను. షట్టరు యజమాని ఆమె కోసం పది రోజులు ఆగి, చివరికి కర్రీ పాయింటుకు ఇచ్చేశాడు. నేను చెప్పింది అబద్ధం కాదు, ఏ పుస్తకం తెరిచినా అదే ఉంటుంది. షాపులో ఆమె అందరితో "మా సారు అమ్మనియ్యడు" అని గొప్పగా చెప్పుకునేదట. ఇది ఆమె పోయాక మందుల షాపు యజమాని చెప్పాడు.

ఆమెకు జబ్బు చేసి ఆస్పత్రిలో ఉన్నప్పుడు, ఖర్చు మా ఆఫీసు వైద్య పథకంలోనే పోయింది. డబ్బు మాట మా మధ్య రాలేదు. ఒక ఉదయం నర్సు వచ్చి వెళ్లాక నన్ను దగ్గరికి పిలిచింది.

"ఇగ అమ్మెయ్. షట్టరు చూడు. పనికి ఒక పిల్లను పెట్టుకుందాం. ఇరవై రెండేండ్లు నిలవడ్డ, ఇగ కూసొని నడిపిస్త."

అప్పుడు చెప్పాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. ఆమె మధ్యలో అడ్డు రాలేదు.

"ఎప్పుడు అమ్మినవ్?"

"ఫ్యాక్టరీలో తనిఖీ జరిగిందని పేపర్లో వచ్చింది చూడు, అప్పుడు."

"నన్నడిగితే చెప్పేదాన్ని గద. గా నెల సుత గోలీలు ఎప్పటిలెక్కనే పోయినయ్. చీటీ రాసింది నేనే."

మళ్లీ ఆమే అడిగింది.

"ఉంటే ఇప్పుడెంతయ్యేది?"

వెంటనే చెప్పాను. పెట్టినదానికి ఇరవై రెట్ల పైనే. ఆమె నా వైపు చూసింది.

"నిన్నటి ధర సుత నోటికున్నది. రోజూ చూస్తున్నవా?"

"చూస్తున్నాను."

"పదిహేనేండ్లు?"

"అవును."

"గా షేర్లను నీ అంత పట్టుకున్నోడు ఎవడు లేడు పో" అంది. నవ్వింది కూడా. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాడు ఇడ్లీ చల్లారిపోయిందని విసుక్కుంది. మూడు వారాలు బతికింది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. క్షమించిందో లేదో నాకు తెలియదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

సర్టిఫికెట్‌ను యజమాని పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు. అది బీరువాలో ఉంది. నా బీపీ మాత్రలు ఇప్పటికీ ఆ షాపులోనే కొంటాను. ఆ కంపెనీవే. ధర ఇప్పటికీ చూస్తాను. వెయ్యి షేర్లతో హెచ్చవేస్తాను. ఆమె ఉంటే అడిగేది, అందుకని.

పోయిన వారం మధురానగర్ మీదుగా వస్తుంటే కర్రీ పాయింటు తీసేసి ఉంది. షట్టరు మీద టులెట్ బోర్డు, ఫోన్ నంబరు. అక్కడే నిలబడి ఫోన్ చేసి అడ్వాన్సు ఎంత అని అడిగాను. ఎవరో చెప్పారు. ఆ వెయ్యి షేర్లు ఉంటే అడ్వాన్సు కట్టి, అరలు చేయించి, మందులు నింపినా ఇంకా మిగిలేది.

"ఏం షాపు పెడ్తరు సార్?" అన్నాడు అవతలి మనిషి.

"మందుల షాపు."

"పెట్టుండ్రి సార్. గీ సందుల ఒక్కటి సుత లేదు. జనం చానా రోజుల సంది అడుగుతుండ్రు."