దసరాకు తెల్లబడిన పెనం

తొంభైల్లో ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర మాకు చిన్న టిఫిన్ హోటలు ఉండేది. మా ఇంటాయన దోసెలు పోసేవాడు. మా అత్త చట్నీకి పప్పులు వేయిస్తూ, వచ్చినవాళ్లను పలకరిస్తూ కూర్చునేది. రుబ్బేదీ, తోమేదీ నేను.

తోమేదంటే ఇడ్లీ రేకులు, సాంబారు గుండిగ, బోండాల బాణలి. బాణలికి మాడిన నూనె జిగురులా పట్టుకునేది. వేడినీళ్లు, బూడిద పోసి నానబెట్టి, మోకాళ్ల మధ్య ఇరికించుకుని గీకాలి. అది అయ్యేసరికి నడుము నాది కాదనిపించేది. దోసె పెనానికి మాత్రం తోముడు లేదు. వెచ్చగా ఉండగానే అట్లకాడతో అంచుల్లోని మాడు గీకి, నూనె గుడ్డతో తుడిచి వదిలేయాలి. ఏళ్ల తరబడి నూనె తాగి అది నల్లగా, నున్నగా ఉండేది. దోసె అడగకుండానే లేచి వచ్చేది.

ఒక ఏడు దసరా ముందు నంద్యాలలో మా అమ్మకు కంటి ఆపరేషను అయింది. పండగ రోజు కట్టు విప్పుతామన్నారు. "కట్టు ఇప్పినంక ముందు నీ మొగమే చూడల్లంట" అని మా తమ్ముడు వచ్చి చెప్పిపోయాడు. ఆ పొద్దున బస్సుకు పోవడానికి మా ఇంటాయన ఒప్పుకున్నాడు. ఒక్క పూటన్నా ఆ పొగకు దూరంగా కూర్చోవచ్చని నాకూ ఆశగానే ఉండింది.

ముందురోజు మధ్యాహ్నం ఆయుధపూజకని హోటలు మూశాం. నేను గుండిగలు తోముకుని బోరింగు కాడి నుంచి వచ్చేసరికి, అత్త చింతపండు, ఇటుకపొడి వేసి పొయ్యి మీది పెనాన్ని తోమేసింది. పసుపు రాసి కుంకుమ బొట్లు కూడా పెట్టింది. పెనం వెండి పళ్లెంలా తెల్లగా ఉంది.

మా ఇంటాయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ఏంది మా ఇది? రేపు దోసె లేస్తాదా దీని మీద?"

"మసితో పూజకు పెడ్తారారా? నేను చూస్తానే ఉండా, దానికి ఒక్కనాడన్నా నీళ్లు పోసినారా మీరు?"

"దోసె ఎవురు లేపుతారు మా?"

"అమ్మోరు లేపుతాది పో."

అమ్మవారు లేపలేదు. పండగ పొద్దున మొదటి దోసె అతుక్కుపోయింది. రెండోది ముక్కలై ఊడింది. అహోబిలం పోయే జనం బల్లల మీద నిండి ఉన్నారు. "దోసె అడిగితే ఉప్మా పెడ్తాండావేందప్పా?" అని ఒకాయన నవ్వాడు.

పెనానికి మళ్లీ నూనె పట్టించడానికి మా ఇంటాయన ఇడ్లీ, పూరీ వదిలి రాలేడు. నేను బస్సుకని మంచి చీర కట్టుకుని, సంచి పట్టుకుని నిలబడి ఉన్నాను. అత్త నా వైపు చూడకుండానే, "నువ్వు పోమ్మా. నేను చెడగొట్టింది నేనే చూసుకుంటా" అని ఉల్లిగడ్డ సగానికి కోసింది. కాగిన పెనం మీద నూనె పోసి రుద్దబోతే భగ్గుమని ఆమె కొంగు అంచు కాలింది. కొంగు ఆర్పి, సంచి కింద పెట్టి, ఉల్లిగడ్డ నేను తీసుకున్నాను.

పొగలొచ్చేదాకా కాచడం, నూనె పూయడం, అట్లకాడకు గుచ్చిన ఉల్లిగడ్డతో రుద్దడం, చల్లార్చి మళ్లీ కాచడం. బస్సు పోయింది, దాని వెనకదీ పోయింది. సాయంత్రానికి పెనం ఎర్రమట్టి రంగుకు తిరిగింది. మరునాడు దోసె అంచులు లేచాయి గానీ నడుమ లేవలేదు. ఆ పైరోజుకు గానీ దారికి రాలేదు. అప్పుడు నంద్యాలకు పోయాను.

అమ్మ నల్ల అద్దాలు పెట్టుకుని మంచంమీద కూర్చుని ఉంది.

"ముందు ఆ నర్సమ్మ కనపడె. మంచి రంగు. నువ్వొచ్చింటే నిన్ను చూసి మళ్లా కట్టు కట్టమందును."

నవ్వబోయాను గానీ ఓపిక లేకపోయింది. ఆమె పక్కన ఒరిగానో లేదో నిద్ర పట్టేసింది. లేచేసరికి అమ్మ నా చేయి తన ఒళ్లో పెట్టుకుని, కొబ్బరినూనె గుడ్డతో వేళ్ల సందుల్లోని మసి తుడుస్తోంది. చేయి లాక్కోబోయాను.

"కదలగాకమ్మా," అంది. "నాకిప్పుడు కనపడతాండాది."