సువార్తమ్మ పెద్దమ్మ పిడికెడు బియ్యం

నిన్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో మెషిన్ దగ్గర ఉండగా ఫోన్ వచ్చింది. ఆ మోతలో "సువార్తమ్మ పెద్దమ్మ" అన్నంతవరకే వినపడింది.

బయటికొచ్చి మళ్లీ చేశాను.

పోయిందంట. మిరపకాయల కల్లంలో తొడిమలు తీస్తూ, అలాగే పక్కకి ఒరిగిపోయిందంట.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మార్టూరులో మా పక్కింటావిడ. చుట్టం కాదు. కూలికెళ్తేనే ఆమె పొయ్యి వెలిగేది.

వెలిగిన ప్రతిసారీ, బియ్యం కడిగే ముందు దేవుడికని పిడికెడు తీసి పాత పాలపొడి డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా చర్చికి. మా సంఘంలో అందరూ చేసేదే.

కానీ కాయలు కోసీ కోసీ ఆమె వేళ్లు వంకరపోయాయి. పిడికిలి పూర్తిగా మూసుకునేది కాదు. దేవుడికి తక్కువ పడిందేమోనని ఇంకో పిడికెడు వేసేది.

నేను నవ్వేవాణ్ణి.

నాకు చర్చి అంటే మంట. సౌండ్ బాక్సులు ఇచ్చినవాళ్ల పేర్లు మైకులో రెండేసి సార్లు చదువుతారు. ఈమె బియ్యం సైలెంట్‌గా గోనెసంచిలోకి పోతాయి. అందుకే వెళ్లడం మానేశాను.

పోయిన వానాకాలం నా కాలి మీద రాయి పలక పడింది. ఓనర్ కట్టు కట్టించి ఇంటికి పంపాడు. మళ్లీ మొహం చూపించలేదు. రెండో వారానికి అమ్మా నేనూ గంజికొచ్చాం.

ఆ ఆదివారం పొద్దున పెద్దమ్మ తెల్లచీర కట్టుకుని, బైబిల్ చంకలో పెట్టుకుని నేరుగా మా ఇంట్లోకి వచ్చింది. డబ్బా మా చేటలో బోర్లించింది.

నాకు ఒళ్లు మండింది. మాకు ముష్టి వేస్తున్నావా అని అరిచాను.

"నీకెవరు పెట్టార్రా? అవి దేవుడి బియ్యం. ఈ వారం ఆయన మీ ఇంట్లో తింటానన్నాడు. నేనేం చేసేది?"

ఖాళీ డబ్బా పట్టుకుని చర్చికి నడిచింది.

నేను మళ్లీ పనికెళ్లేదాకా ప్రతి ఆదివారం అంతే.

అక్కడ సంఘపెద్ద అందరి ముందూ అడిగేవాడంట, ఏం సువార్తమ్మా, ఈ వారం కూడా పొయ్యి వెలగలేదా అని. ఈమె తల దించుకుని కూర్చునేదంట. మా పేరు మాత్రం చెప్పలేదు.

ఇది నాకు నిన్న, శవం దగ్గర కూర్చున్న ఆడవాళ్లు చెప్తే తెలిసింది.

పెద్దమ్మ నన్ను అడిగింది ఒక్కటే.

"మోకాళ్లు లేవట్లేదురా. ఒక్క ఆదివారం నీ బండి మీద దింపు. నువ్వు లోపలికి రావద్దులే."

నెక్స్ట్ వీక్ పెద్దమ్మా, అన్నాను. ప్రతి వారం అదే అన్నాను.

నా కోపం లోపల ఉన్నవాళ్ల మీద.

నడిచింది మాత్రం ఈమె.

నిన్న సాయంత్రం ఆమె పొయ్యి పక్కన డబ్బా కనిపించింది. సగం నిండి ఉంది. బియ్యంలో ఒక మిరప గింజ. ఆమె చేతి నుంచే రాలుంటుంది.

తీసేయలేదు. డబ్బా అలాగే మా ఇంటికి తెచ్చుకున్నాను.

ఇవాళ పొద్దున అమ్మ బియ్యం కడగబోతుంటే ఆపి, పిడికెడు తీసి అందులో వేశాను. నా పిడికిలి బాగానే మూసుకుంటుంది. అయినా ఇంకో పిడికెడు వేశాను.

నాలుగింటికి సమాధుల తోటకి తీసుకెళ్తున్నాం. రండి.

రేపు ఆదివారం. డబ్బాని బండి వెనక సీటుకి కట్టుకుని చర్చికి వస్తున్నా. లోపలికే వస్తా. ఆ వారాల్లో ఆ బియ్యం ఎవరింటికి పోయాయో సంఘపెద్దగారికి మైకు లేకుండానే చెప్తా.

పెద్దమ్మా, ఆ సీటు మీద నువ్వు కూర్చోవాల్సింది.

నడిచింది చాలు. ప్రభువు దగ్గర కాళ్లు చాపుకుని కూర్చో. నీకు నెమ్మది దొరకాలి.