ఒకే గొలుసుకు కట్టిన సైకిళ్లు

నెల్లూరు చేపల మార్కెట్ గోడ పక్కన పొద్దున్నే ఒక వరస సైకిళ్లు కనిపించేవి. అన్నీ అల్లూరు అవతలి సముద్రపు పల్లెలవి. క్యారియర్ మీద గంప కట్టుకుని చేపలు తెచ్చి అమ్ముకునేవాళ్లవి. అందులో మా అన్నది ఒకటి. అరవైల మొదట్లో నేను పట్నంలో ఉండి పాలిటెక్నిక్ చదువుతుండేవాణ్ణి. పాఠాలు మొదలయ్యేలోపల వెళ్లి అన్నను చూసి వచ్చేవాణ్ణి.

మున్సిపాలిటీ నిబంధనల ప్రకారం సైకిల్‌కు పన్ను కట్టిన బిళ్ల ఉండాలి, దీపం ఉండాలి, మార్కెట్ దగ్గర స్టాండులోనే ఆపాలి. మొదటి రెండూ వీళ్లకు ఉన్నాయి. మూడోది కుదరదు. నీచు వాసనకు మిగతావాళ్లు ఒప్పుకోరని స్టాండువాడు చేపల సైకిళ్లను లోపలికి రానిచ్చేవాడు కాదు. బయట పెడితే దొంగల భయం. అందుకని పడవ లంగరుకు వాడిన పాత గొలుసు తెచ్చి, అన్ని సైకిళ్ల ఫ్రేముల్లోంచీ దూర్చి, చివర ఒకే తాళం వేసేవారు. తాళంచెవి వాళ్లలో పెద్దాయన మొలతాడుకు ఉండేది. ఆ పద్ధతి పెట్టాక ఒక్క సైకిలూ పోలేదు.

ఆ రోజు నేను వెళ్లేసరికి గొలుసుకు రెండో తాళం ఉంది. దాని మీద లక్క ముద్ర. స్టాండు బయట పెట్టినందుకు సైకిళ్లను బండికెత్తించుకు పోదామని మున్సిపాలిటీ మేస్త్రీ వచ్చాడట. గొలుసు తెగకపోయేసరికి పైన తన తాళం వేసి, మర్నాడు ఆఫీసుకు రమ్మని చెప్పి వెళ్లిపోయాడు.

పెద్దాయన నవ్వాడు. "మన సైకిళ్లకు సర్కారు కాపలా పెట్టినార్రా. ఇంతకాలం మనకు మాత్రం ఎవరు పెట్టినారు?"

అంతలో మా ఊరాయన ఒకడు సరుగుడు కట్టెల లారీ దిగి వచ్చాడు. అన్న కొడుక్కి తెల్లవారకముందు నుంచీ వాంతులూ భేదులూ అట.

"పిల్లోడికి కళ్లు లోపలికి పోయినాయబ్బయ్యా. సైకిల్ తీసుకుని బిన్నా రమ్మనింది నీ ఇంటామె. అల్లూరు ఆసుపత్రికి పోవాలంట."

మా ఊరి నుంచి అల్లూరుకు ఇసుక దారి. మగవాళ్లంతా సముద్రం మీద వేటకు పోయి ఉంటారు. మా వీధిలో ఉన్నది ఆ ఒక్క సైకిలే.

నేను దారులు వెతికాను. బస్సు మధ్యాహ్నం దాకా లేదు. లారీ గూడూరు వైపు వెళ్లిపోయింది. బాడుగ సైకిళ్లవాడు పట్నం పొలిమేర దాటనివ్వనన్నాడు. గొలుసు చక్రంలోంచి పోయి ఉంటే నట్లు విప్పి, ఆ చక్రాన్ని అక్కడే వదిలేసి, వేరేది బిగించి పంపేవాణ్ణి. దొంగ కూడా అదే చేస్తాడనే కదా ఫ్రేములోంచి దూర్చింది. ఫ్రేము మూసిన త్రికోణం. దానికి విప్పేందుకు నట్లు లేవు.

మేస్త్రీ దగ్గరికి పరిగెత్తిన అన్న ఒగురుస్తూ తిరిగొచ్చాడు.

"ఆఫీసరు చెప్పందే తియ్యడంట. ఆఫీసరేమో క్యాంపు పోయినాడంట."

నేను పాలిటెక్నిక్ వర్క్‌షాపుకు వెళ్లి ఇనుము కోసే రంపం తెచ్చాను. పెద్దాయన గొలుసు వంక చూసి, "కొయ్యబ్బయ్యా. అడిగితే నేనే కోసినానని చెప్తాలే" అన్నాడు. అది పడవ ఇనుము. బ్లేడ్లు విరిగాయి. అన్న లంకెను రెండు చేతులతో అదిమి పట్టుకుని, "అయిందా?" అని మాత్రం అడుగుతూ వచ్చాడు. తెగేసరికి పొద్దు గోడ దాటి పైకొచ్చింది. అన్న గంప కూడా విప్పకుండా వెళ్లిపోయాడు.

తర్వాతది అన్న ఎప్పుడో చెప్పాడు. అల్లూరు దాటి ఇసుక దారిలో సైకిల్ తోసుకుంటూ పోతుంటే ముందు మా వదిన కనిపించిందట. పిల్లవాణ్ణి ఎత్తుకుని ఆసుపత్రికి బయలుదేరిన మనిషి, తిరిగి ఊరి వైపు నడుస్తోంది. పిల్లవాడి ముఖం మీద కొంగు కప్పి ఉంది.

"నువ్వొస్తావని తాటితోపు కాడ కూర్చోనుంటిని" అందట.

మర్నాడు పెద్దాయన ఆఫీసుకు వెళ్లి, చెప్పినట్టే నేరం తన మీద వేసుకున్నాడు. తెగిన లంకెను వర్క్‌షాపులో నేనే అతికించి ఇచ్చాను.

అన్న మళ్లీ చేపలకు వచ్చాక సైకిల్‌ను గోడ దగ్గర పెట్టలేదు. రోడ్డుకు అవతల, తాళం లేకుండా, విడిగా నిలబెట్టేవాడు. పెద్దాయన రోజూ గొలుసు దూర్చేటప్పుడు ఒక సైకిల్ మందం వదులు ఉంచి, రోడ్డు అవతలికి ఒకసారి చూసి, అప్పుడు తాళం వేసేవాడు.