ఒక సైజు పెద్ద బూట్లు

పోయిన జూన్ సెలవుల్లో మా తొమ్మిదేళ్ల అమ్మాయి హాసిని పోరు పడలేక, సింగపూర్‌లోనే కదిలే కార్పెట్ మీద స్కీయింగ్ నేర్పే చోటికి తీసుకెళ్లాను. చెప్పులైనా బూట్లయినా ఒక సైజు పెద్దవి తీసుకోవడం మా ఇంటి అలవాటు. అక్కడ నేనూ నేర్చుకుందామని, నా బూట్లు కూడా అలాగే అడిగి, రెండు జతల సాక్సులు తొడుక్కున్నాను.

"ఆంటీ, మస్ట్ బి టైట్ లా" అన్నాడు కోచ్ సింగపూర్ యాసలో, బూట్లు బిగుతుగా ఉండాలని. నేను వినలేదు.

కార్పెట్ కదిలింది. బూటు లోపల నా పాదం తిరుగుతోంది కానీ, బూటు తిరగడం లేదు. కాళ్లు చెరో వైపుకు జారిపోతుంటే "ఆపండి బాబోయ్!" అని అరుస్తూ అందరి ముందూ బోర్లా పడ్డాను.

పక్కన తన వంతు కోసం చూస్తున్న హాసిని పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, నా స్కూల్ షూస్ ఆల్సో లైక్ దట్ లా. అందుకే పడతా" అంది.

స్కూల్లో పరుగు పందెంలో అది పడ్డ ప్రతిసారీ "చూసుకుని పరిగెత్తలేవా?" అని కసిరింది నేనే.