అగడ్తకు జాలీ తూము

కొల్లేటి లంకల్లో మా ఊరి కోటదిబ్బను చూడవచ్చేవారికి దారి చూపేది యోబు. చదివింది ఐదో తరగతి; చేసేది చేపల చెరువులకు తూములు కట్టే మేస్త్రి పని. ముప్పై ఏళ్లుగా ఆదివారం వస్తే చాలు, తాపీ పక్కనపెట్టి వట్లూరు కాలేజీ విద్యార్థులకు బురుజులు చూపిస్తాడు. మట్టిగోడ మీద మొలిచిన తుమ్మమొక్కలు పీకేస్తాడు. అతణ్ని ఎవరూ నియమించలేదు. అటువంటివాడు నిరుడు ఆషాఢంలో భానుప్రకాష్ కారు దిగడం చూసి నాకు అనుమానం కలిగింది.

కోటకు మూడు వైపులా భానుప్రకాష్ చేపల చెరువులే. యోబుకు ఏడాది పొడుగునా పని ఇచ్చేదీ ఆయనే. నాలుగో వైపు, తూర్పుగోడను ఆనుకుని, పూడిపోయిన అగడ్త. కోటను పర్యాటకుల కోసం బాగుచేస్తామని అధికారులు ప్రకటించిన వారంలోనే, అగడ్తను తన సొంత ఖర్చుతో తవ్విస్తానని ఆయన దరఖాస్తు పెట్టుకున్నారు. అక్కడ కొత్త చెరువు తవ్వడానికి అనుమతి లేదు. అగడ్త అంటే అభ్యంతరం చెప్పేవారుండరు. తవ్వితే తూర్పుగోడ నిలవదని నా భయం. ఆ దరఖాస్తు నకలు సంపాదించి ఐదుసార్లు చదివాను. ‘చారిత్రక వైభవం’ అన్న మాట ఏడుచోట్ల ఉంది. కోట ఏ కాలం నాటిదో ఒక్కచోటా లేదు.

యోబును నిలదీశాను.

"ఆ కారులో నీకేం పని?"

"తూము కట్టాలి, చోటు చూడు అన్నారండి మాస్టారూ. ఎళ్లానండి."

"ఎక్కడ తూము?"

"ప్లాను చూడందే ఏం చెప్పనండి?"

దాటవేస్తున్నాడనుకున్నాను. డైరీలో అతని పేరు కింద ఎర్రగీత గీశాను.

గ్రామసభలో ప్రభుత్వ ఇంజనీరు పృథ్వీ ప్లానును గోడకు అంటించి మెట్లు, మంచినీళ్లు, పడవరేవు, బోర్డులు వివరించాడు. అందరూ తలలూపారు. నేను లేవబోతుండగా వెనుక వరుసలోంచి యోబు లేచాడు.

"ఏవండీ ఇంజనీరు గారూ, అగడ్త చివర ఆ పెట్టె ఏంటండి?"

"తూమండీ. నీళ్లు మారడానికి."

"దానికి రెండు జాలీలు గీశారేటండి? చేపపిల్ల బయటికి పోకుండా చెరువు తూముకి నేనూ అలాగే పెడతానండి. ఇక్కడ ఎవరు పోకుండా అండి, పర్యాటకులా?"

సభ గొల్లుమంది. భానుప్రకాష్ ముఖం ఎర్రబడింది.

"ఏమోయ్ యోబూ, మా పని చేస్తూ మాకే ఎసరు పెడతావా?"

"మీ పని చేశాను గనకే గుర్తుపట్టానండి. ఇంకోటండి, తూర్పుగోడ మట్టి లాగితే గాని ప్లానులో గీసిన చెరువు గట్టు లేవదు. తర్వాత జనానికి ఏ కోట చూపించమంటారండి?"

ప్లానులో అగడ్త భాగం భానుప్రకాష్ మనుషులు గీసి ఇచ్చినదేనని పృథ్వీ తలవంచుకుని ఒప్పుకున్నాడు. తవ్వకాన్ని తొలగించి, మిగిలిన పనులను ఆమోదిస్తూ సభ తీర్మానించింది. భానుప్రకాష్ మరి యోబును పనికి పిలవలేదు. ఇప్పుడతడు తెల్లవారగానే కైకలూరు బస్సెక్కుతున్నాడు.

తీర్మానం నకలు చేతికందిన రోజున అతని ఇంటికి వెళ్లి, అతణ్ని అనుమానించానని ఒప్పుకున్నాను.

"తెలుసండి. మీ చూపులోనే ఉంది కదండీ" అని నవ్వాడు. "ఆ కాగితం కాపీ నాక్కూడా ఒకటి ఇప్పించండి మాస్టారూ. రేపు మీరే మాట మారిస్తే?"

నాకు కోపం వచ్చింది. అయినా జిరాక్స్ తీయించి ఇచ్చాను. అందినట్లు సంతకం కూడా పెట్టించుకున్నాను.