గింజ లేని నక్షత్రం

ఆ చలికాలం చివర సైన్యం జెండా మీదికి ఎర్ర నక్షత్రం తిరిగి వచ్చింది. మాస్కోలో ఎవరో సంతకం పెట్టారు. వోల్గా ఒడ్డున మా ఊరి జెండాల కార్ఖానాలో కపితొలీనా అర్ఖీపొవ్నాకి ఆ కబురు టీ వేళకి చేరింది.

“మళ్ళీనా?” అని చెంచాకి అంటిన జామ్ నాకేసింది.

ఆమె పదిహేడో ఏట జరీ పనిలో చేరింది. ఇప్పుడు అరవై. 1992లో, సోవియట్ యూనియన్ పోయాక, పంపకుండా మిగిలిపోయిన జెండాల మీద నక్షత్రాలు విప్పమన్నారు, పట్టు వృథా కాకూడదని. తను కుట్టినవే తను విప్పింది, పదకొండు నెలలు. కళ్ళజోడు మందమైంది ఆ ఏడాదే.

ఈసారి ఆమె కుర్చీయే పోయేలా ఉంది. డైరెక్టర్ గ్లేబ్ రొదియోనొవిచ్ కుట్టుపనికి కొత్త యంత్రం తెప్పించాడు. ఊరి రెజిమెంటు జెండా ఒక్కటి మాత్రం చేత్తో కుట్టమన్నాడు. మిలిటరీవాళ్ళు ఒప్పుకుంటే చేతిపని గది ఉంటుంది. కాదంటే ఆమె, పక్క కుర్చీలో పాతికేళ్ళుగా కూర్చున్న ఫైనా, ఇద్దరూ ఇంటికే. ఇంట్లో కపితొలీనా కిటికీ ఉత్తరానికి. ఎండ పడేది ఇక్కడే.

జెండా నాలుగు మూలలా నాలుగు నక్షత్రాలు. పాత నక్షత్రం నడుమ సుత్తి కొడవలి ఉండేది. కార్ఖానాలో దాన్ని ‘గింజ’ అనేవాళ్ళు. ముందు గింజ కుట్టాలి, తర్వాతే కొనలు. పని నేర్పిన ముసలమ్మ పెట్టిన పద్ధతి అది. కొత్త నమూనాలో గింజ లేదు.

మూడు నక్షత్రాలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని కుట్టింది. నాలుగోది మొదలెట్టేసరికి ఫైనా అల్లుడి గోల ఎత్తుకుంది.

“బంగాళాదుంపలు నాటడానికి రాడట. నడుం నొప్పట. పొద్దస్తమానం మంచు మీద కూర్చుని చేపలు పట్టడానికి లేదు నొప్పి!”

“అది వేరే నడుమేమోలే.”

ఫైనా పగలబడి నవ్వుతూ ఇటు వంగి, ఆగిపోయింది.

“కాపా, ఏం కుట్టావే?”

బొటనవేలి గోరంత సుత్తీ కొడవలీ. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

“ఉంచెయ్. ఇంకో నాలుగేళ్ళకి అదీ కావాలంటారు.”

“తనిఖీ ఎల్లుండే, ఫైనా.”

జరీని పట్టి ఉంచే కట్టు పోగులు వెనక నుంచి ఒక్కొక్కటే తెంపి జరీ లాగేసింది. పట్టు మీద చిల్లులు మిగిలాయి. కళ్ళున్నవాడెవడైనా చుక్కలు కలిపి చదివేస్తాడు. 1992లో చేసిన పనే మళ్ళీ చేసింది. కెటిల్ ఆవిరి పట్టి, నేత వెంట గోటితో నిమిరి, ఆరనిచ్చి, మళ్ళీ ఆవిరి పట్టింది. మర్నాడంతా దానికే పోయింది. సాయంత్రానికి గోరు చివర చీలింది. మిగిలిన ఐదు కొనలూ ఆ రాత్రే, చీలిన గోరుతోనే కుట్టింది.

తనిఖీకి మేజర్ వచ్చాడు. “దయచేయండి, కామ్రేడ్ మేజర్,” అన్నాడు డైరెక్టర్. సైన్యంలో ఆ పిలుపు ఏనాడూ పోలేదు.

“ఆ మాట విప్పే సూది దొరకలేదు పాపం,” అని ఫైనా గొణిగింది.

మేజర్ నమూనా పక్కన పెట్టుకుని మూల మూలా చూశాడు. నాలుగో దాని దగ్గర వేలు ఆగింది.

“ఇక్కడ కాస్త మెత్తగా ఉందేం?”

కపితొలీనాకి అబద్ధం వెతుక్కునే ఓపిక లేకపోయింది. “అలవాటు కొద్దీ గింజ, అదే సుత్తీ కొడవలీ, వేసేశాను. విప్పేశాను.”

“ఎక్కడ?”

“మీ వేలి కిందే.”

మేజర్ జెండాని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పాడు. ఏమీ కనబడలేదు. సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

డైరెక్టర్ కదల్లేదు. గుడ్డ తిరగేసి చాలాసేపు చూశాడు.

“కపితొలీనా అర్ఖీపొవ్నా, మీరేం అనుకోకండి. కుట్టడమంటారా, యంత్రం మీకంటే త్వరగా కుడుతుంది. విప్పడం దానికి రాదు.”

“అయితే?”

“గది ఉంటుంది. మీరిద్దరూ ఉండండి. గోదాములో ఈ పదేళ్ళవీ నూటనలభై జెండాలున్నాయి. మూలల్లో నక్షత్రాల బదులు వేసిన గుర్తులన్నీ తీసేయాలి, నక్షత్రాలకి చోటు కావాలిగా.”

ఆ మూలల్లోవీ ఆమె కుట్టినవే.

ఆయన వెళ్ళాక కుర్చీని ఎండలోకి జరుపుకుని కళ్ళజోడు తుడుచుకుంది.

“ఫైనా, కెటిల్ పెట్టు.”

“టీకా, ఆవిరికా?”

“రెంటికీ.”